ఐదంగుళాల నోరు

మండల కార్యాలయం ఆవరణలో, కంచె కట్టిన చిన్న జాగాలో మోకాలెత్తు కూడా లేని డబ్బా ఒకటి కనిపిస్తుంది. అదే వానమాపకం. మన దేశంలో చాలాకాలం నడిచినది సైమన్స్ రకం.

దాని నోరు 127 మిల్లీమీటర్లు, అంటే ఐదంగుళాలు. అంచుకు లోహపు కడియం ఉంటుంది. లోపలివైపు నిటారుగా, బయటివైపు వాలుగా చెక్కి, కొనను కత్తివాదరలా తీరుస్తారు. దానిమీద పడ్డ చినుకు రెండుగా చీలాల్సిందే: లోపలి సగం లోపలికి, బయటి సగం బయటికి. ఈ పరికరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

కింద లోతైన గరాటు. పడ్డ నీరు చిట్లి బయటికి పోకుండా ఆ లోతు. సన్నని గొట్టం సీసాలోకి దిగుతుంది కనుక రాత్రి కురిసింది తెల్లారేసరికి ఆవిరైపోదు. అడుగుభాగాన్ని సిమెంటు దిమ్మెలో పాతి, నోటిని నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున నిలుపుతారు. ఇంకా దించితే నేలమీది చిందులు లోపల పడతాయి. ఇంకా లేపితే గాలి చినుకులను పక్కకు తోసేస్తుంది.

ఉదయం 8.30కి కొలత. ఆ నోటికి ఒక మిల్లీమీటరు వాన అంటే 12.67 మిల్లీలీటర్ల నీళ్లు, రెండున్నర టీ చెంచాలు. సన్నని కొలగ్లాసులో పోస్తే ఆ కాసిని నీళ్లే నిలువునా సాగి, పదోవంతు గీతలు కూడా కంటికి ఆనతాయి. గాజు అంచున నీరు కాస్త పైకి పాకుతుంది. కన్నును నీటిమట్టానికి సమంగా ఉంచి మధ్య పల్లాన్ని చదవాలి. వాన లేని రోజు 0.0 రాయాలి. ఖాళీగా వదిలితే రానిది వానో, మనిషో తెలియదు.

ఇలా రోజూ రాసిన అంకెల విలువ 2006లో బాగా తెలిసింది. 1,803 కేంద్రాల రోజువారీ కొలతలతో వాతావరణ శాఖ కూర్చిన లెక్కలను వాతావరణ శాస్త్రవేత్త బి.ఎన్. గోస్వామి బృందం పరిశీలించింది. 1951 నుంచి 2000 వరకు మధ్య భారతంలో ఋతువు మొత్తం వానలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోజులు విడదీస్తే మాత్రం, 100 మిల్లీమీటర్లు దాటే వానలు పెరిగాయి, మోస్తరు వానలు తగ్గాయి. పెరుగుదలను తరుగుదల కప్పేసింది. రైతు మాటలో చెప్పాలంటే పదును వానలు తగ్గి, గట్లు తెంచే వానలు పెరిగాయి. మొత్తం ఒక్కటే రాసిపెట్టి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది. నేలకూ సముద్రానికీ వేడిలో తేడా తగ్గి ఋతుపవనాల లాగుడు సడలినా, అరేబియా సముద్రం మీది పడమటి గాలుల ఒడిదుడుకులు పెరిగి, ఉండుండి తేమ వెల్లువలా దూసుకొస్తోంది. 1950 నుంచి 2015 వరకు మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానలు మూడు రెట్లయ్యాయని శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపింది.

అలాంటి వానకు లోపలి సీసా నిండి పొర్లుతుంది. పొర్లిన నీరు నేలపాలు కాదు, చుట్టూ ఉన్న డబ్బాలో నిలుస్తుంది. మనిషి ముందు సీసాను కొలిచి, తర్వాత డబ్బాను వంచి, చివరి బొట్టుదాకా అదే గ్లాసులో పోసి కలుపుకుంటాడు.