పాత కంప్యూటరుకు కొత్త పని: ఒక పరిశీలన

నాగలి కర్రు అరిగి పాతబడుతుంది. బండి ఇరుసు విరిగి పాతబడుతుంది. కంప్యూటరు మాత్రం అరగకుండానే, విరగకుండానే పాతబడుతున్నది. పదిహేనేళ్ల క్రితం అది కూడికలను ఎంత వేగంగా చేసినదో నేడూ అంతే వేగంగా చేస్తుంది. అయినా పనికిరాదన్న తీర్పు దానిమీద పడుతున్నది.

ఈ తీర్పును గురించి రెండు వాదాలు ప్రచారంలో ఉన్నాయి. పాత యంత్రం పాత యంత్రమే, దానిని తూకానికి అమ్మివేయడమే తెలివి అన్నది మొదటిది. ఏ యంత్రమూ వ్యర్థం కాదు, పట్టణంలో పనికిరానిది పల్లెటూరి బడిలో పనికివస్తుంది అన్నది రెండవది. మొదటిది దుబారాను పెంచుతుంది. రెండవది వినడానికి ఉదారంగా ఉంటుంది గాని, పరీక్షించి చూస్తే దానిలోనూ ఒక పెద్ద లోపం కనిపిస్తుంది. ఈ రెండింటినీ శాస్త్రదృష్టితో విచారించడం ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ ఎంతైనా అవసరం.

పరీక్షకు తగిన చోటు

ఇటువంటి వాదాలను పరీక్షించడానికి అనువైన చోటు అనంతపురం జిల్లాలోని గుమ్మఘట్ట వంటి మండలం. అది రాయదుర్గం ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దున ఉన్న మెట్టసీమ. వేదవతి నదిమీద కట్టిన భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనే ఉన్నా, సేద్యానికి ప్రధానంగా వానే ఆధారం. జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాలిలో దుమ్ము ఎక్కువ.

ఎండా, దుమ్మూ, హెచ్చుతగ్గుల విద్యుత్తూ కంప్యూటరుకు ముగ్గురు శత్రువులు. లోపలి పంకా దుమ్ము పట్టితే వేడి బయటికి పోదు. వేడి పెరిగిన కొద్దీ విద్యుత్తును సరిచేసే కెపాసిటర్లు ఉబ్బి చెడిపోతాయి. చల్లని గదిలో పదేళ్లు నడిచిన యంత్రం ఇటువంటి చోట ఎన్నాళ్లు నడుస్తుందన్నది ముందు వేయవలసిన ప్రశ్న. మరమ్మతు చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నది రెండవ ప్రశ్న. పల్లెకు పనికివస్తుందనే వాదం ఈ రెండు ప్రశ్నలనూ దాటవేస్తున్నది.

పాతదనం ఎక్కడ పుడుతుంది?

కంప్యూటరు పాతబడటానికి ముఖ్యకారణం యంత్రంలో లేదు, దానిపై నడిచే సాఫ్ట్‌వేరులో ఉన్నది. యంత్రాల వేగం పెరిగినదానికంటె త్వరగా సాఫ్ట్‌వేరు బరువెక్కుతున్నదని స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు నిక్లాస్ విర్త్ 1995లోనే హెచ్చరించాడు. పాస్కల్ అనే కంప్యూటరు భాషను రూపొందించినవాడు ఆయనే.

దీనికి తాజా ఉదాహరణ విండోస్ 10. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ వ్యవస్థకు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న నిలిపివేసింది. తరువాతిదైన విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి. అది లేని యంత్రం నిక్షేపంగా పనిచేస్తున్నా అర్హత కోల్పోతుంది. 13వ తేదీన మంచిదైన యంత్రం 15వ తేదీకి పాతదైపోయింది. ఈ రెండు రోజులలో దాని లోపల ఏ మార్పూ జరగలేదు.

కనుక సాఫ్ట్‌వేరును మార్చితే పాతదనం కొంత తొలగుతుంది. లినక్సు ఆధారంగా తయారైన తేలికపాటి వ్యవస్థలు తక్కువ జ్ఞాపకశక్తి గల యంత్రాల మీద కూడా నడుస్తాయి. వీటిని ఎవరైనా వెల లేకుండా తీసుకోవచ్చు, పంచవచ్చు, సవరించవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే వ్యవస్థను కూడా రూపొందించింది. అయితే ఈ మార్గానికీ హద్దు ఉన్నది. ప్రసిద్ధమైన డెబియన్ వ్యవస్థ 2025 ఆగస్టులో విడుదల చేసిన 13వ రూపంలో పాత 32 బిట్ల యంత్రాలకు పూర్తి మద్దతును విరమించింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు యంత్రం ఆయుష్షును పొడిగిస్తుంది, కాని దానిని చిరంజీవిని చేయజాలదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఒక ప్రయోగం

ఈ సందర్భంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో జరిగిన ప్రయోగాన్ని స్మరించవలసి ఉన్నది. సుమారు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలను వాడారు. ఒక కంప్యూటరు శక్తిని అనేక తెరలకు పంచడం వీటి ప్రత్యేకత. విద్యార్థి అక్షరాన్ని వెతికి మీట నొక్కేలోగా ప్రాసెసరు కోట్ల పనులు చేయగలదు. అంటే ఎక్కువ కాలం అది ఊరకే ఉంటుంది. ఆ ఊరక ఉన్న కాలాన్ని పక్క విద్యార్థికి ఇస్తే ఒక యంత్రం పలువురికి సరిపోతుంది.

భావం శాస్త్రీయమైనదే. ఖర్చు తగ్గుతుంది, విద్యుత్తు తగ్గుతుంది. కాని విమర్శకు తావిచ్చే అంశాలు రెండున్నాయి. ప్రధాన యంత్రం ఆగితే దానిమీద ఆధారపడిన తెరలన్నీ ఒకేసారి నల్లబడతాయి. తెరకూ యంత్రానికీ మధ్య ఉండే పెట్టె తన సంస్థ ఇచ్చే సాఫ్ట్‌వేరుతోనే నడుస్తుంది కనుక, ఆ సాఫ్ట్‌వేరుకు కాలం చెల్లితే పెట్టెకు కూడా చెల్లుతుంది. కొత్త పని అప్పగించడానికి వీలు లేకుండా తయారైన పరికరం ఎంత చౌకదైనా చివరికి ఖరీదైనదే. పరికరం కొనేనాడే అది రేపు మరొక పనికి ఒదుగుతుందా అని అడగాలనే పాఠం ఇందులో ఉన్నది.

నీరూ, బొగ్గూ: ఒక లెక్క

పాత యంత్రాన్ని నిలబెట్టుకోవడానికి బలమైన కారణం డబ్బు కాదు. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం తరఫున రూడిగర్ కూర్, ఎరిక్ విలియమ్స్ 2004లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఒక డెస్క్‌టాప్ కంప్యూటరునూ, 17 అంగుళాల గాజుగొట్టపు మానిటరునూ తయారుచేయడానికి కనీసం 240 కిలోల బొగ్గు, చమురువంటి ఇంధనాలు, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చవుతాయి. 1,500 కిలోలంటే 1,500 లీటర్లు. గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది జల జీవన్ మిషన్ ప్రమాణం. ఆ లెక్కన ఇది ఒక మనిషికి 27 రోజుల నీరు. బిందెడు నీటి విలువ తెలిసిన గుమ్మఘట్ట విద్యార్థికి ఈ అంకె అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ఇంతటితో ఆగితే లెక్క సగమే అవుతుంది. పాత యంత్రం ఎక్కువ విద్యుత్తు తాగుతుంది. పాత పెట్టె 80 వాట్లు, గాజుగొట్టపు మానిటరు 70 వాట్లు, మొత్తం 150 వాట్లు అనుకుందాం. కొత్త చిన్న కంప్యూటరు, పలుచని తెర కలిపి 30 వాట్లు అనుకుందాం. బడిలో రోజుకు 4 గంటల చొప్పున 200 రోజులు నడిపితే పాతది 120 యూనిట్లు, కొత్తది 24 యూనిట్లు వాడతాయి. తేడా 96 యూనిట్లు. ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలో బొగ్గు కాలుతుందనుకుంటే, తేడా ఏడాదికి 67 కిలోలు. కొత్త యంత్రం తయారీకి 240 కిలోల ఇంధనం పట్టిందనుకుంటే ఆ అప్పు తీరడానికి మూడున్నర ఏళ్లకు పైగా పడుతుంది.

ఇదే పాత పెట్టెను తెర లేకుండా రాత్రింబవళ్లు నడిపితే ఏమవుతుంది? 80 వాట్ల చొప్పున ఏడాదికి సుమారు 700 యూనిట్లు. అరచేతిలో ఇమిడే 5 వాట్ల కంప్యూటరు పలక అదే పనికి 44 యూనిట్లు చాలించుకుంటుంది. తేడా 656 యూనిట్లు, అంటే సుమారు 459 కిలోల బొగ్గు. 240 కిలోల అప్పు ఇక్కడ ఆరు నెలలకు కొద్దిగా మించి తీరిపోతుంది. నేటి చిన్న పలకల తయారీకి అంత ఇంధనం పట్టదు కనుక ఇంకా ముందే తీరుతుంది.

దీనినిబట్టి తేలేదేమనగా, పాత యంత్రం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. రోజుకు కొద్ది గంటల పనికి అది మేలు; ఎడతెగని పనికి నష్టం. పాత డెస్క్‌టాపును నిత్యం నడిచే సర్వరుగా మార్చుకోండని తరచు వినబడే సలహా ఈ పరీక్షలో నిలవదు. పాత ల్యాప్‌టాప్ అయితే 15 వాట్ల లోపే తీసుకోవచ్చు కనుక దానికి కొంత మినహాయింపు ఉన్నది. దాని బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం వెంటనే తొలగించాలి.

రాతి పులుసు

అనేక పాత యంత్రాలను కలిపి ఒక గొప్ప యంత్రం చేయవచ్చునా? చేశారు కూడా. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో 1997లో విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఇతరులు వదిలివేసిన కంప్యూటర్లను పోగుచేసి ఒకటిగా కలిపారు. ఊరివారందరూ తలా ఒక దినుసు వేయగా రాయితో పులుసు కాచిన యూరపు జానపద కథను తలచుకొని దానికి ఆ పేరే పెట్టారు. 2001 నాటికి అందులో 130కి పైగా యంత్రాలు చేరాయి. శీతోష్ణస్థితి, నేల మొదలైన వివరాలనుబట్టి అమెరికాను ప్రకృతిమండలాలుగా విభజించే పటాలను వారు దానితో గీశారు.

ఈ విజయానికి కారణం పని స్వభావం. దేశపటాన్ని గడులుగా కోసి ఒక్కొక్క యంత్రానికి కొన్ని గడులు పంచవచ్చు. విడదీయరాని పనికి ఇటువంటి గుంపు ఉపకరించదు. పైగా వంద యంత్రాల విద్యుత్తును ఏ ఉన్నత పాఠశాలా భరించలేదు. పాఠశాల ఇందులో గ్రహించవలసినది ఒక్కటే: యంత్రాన్ని చూసి పని వెతకరాదు, పనిని విశ్లేషించి దానికి తగిన యంత్రాన్ని ఎన్నుకోవాలి.

బడికి తగిన పనులు

ఈ సూత్రం ప్రకారం ఆలోచిస్తే మెట్టసీమ పాఠశాలలో పాత కంప్యూటరుకు పనులు కొరవడవు. వందేళ్ల దినవారీ వర్షపాతం అంటే సుమారు 36,500 అంకెలు. వాటి సగటు కట్టడానికి ఎంత పాత యంత్రానికైనా సెకనులో చిన్న భాగం చాలు. తమ మండలం వానలెక్కలను విద్యార్థులే ఎక్కించి, ఏ నెలలో వాన తప్పుతున్నదో, వేరుశనగ విత్తే కాలానికి పదును అందుతున్నదో లేదో రేఖాపటం గీస్తే అది గణితమూ అవుతుంది, భూగోళమూ అవుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అనే సాఫ్ట్‌వేరు ద్వారా డిస్కులో నింపుకొంటే ఇంటర్నెట్ లేకుండానే బడి వేళల్లో చదువుకోవచ్చు. తెలుగు టైపు, పైథాన్ భాషలో తొలి పాఠాలు కూడా దీనికి తగినవే.

నడవని యంత్రాలకూ గతి ఉన్నది. చిరిగిన చీరను మళ్లీ చీరగా కట్టుకోమంటే నగుబాటు. నాలుగు పాత చీరలు పేర్చి కుడితే వెచ్చని బొంత అవుతుంది. అట్లే నాలుగు చెడిన యంత్రాలలోని మంచి ర్యామునూ, మంచి డిస్కునూ ఏరి కలిపితే ఒక పనిచేసే యంత్రం తయారుకావచ్చు. హార్డ్ డిస్కులోని బలమైన అయస్కాంతాన్ని రాగి గొట్టంలో జారవిడిస్తే అది మెల్లగా దిగుతుంది. లెంజ్ నియమాన్ని ఇంతకంటె చక్కగా చూపే సాధనం ప్రయోగశాలలో దొరకడం అరుదు. ఫ్లాపీ డ్రైవులోని మోటారు ఒక్కొక్క అడుగుగా తిరగడం చూపి యంత్రశాస్త్రం చెప్పవచ్చు.

హెచ్చరికలు కూడా ఉన్నాయి. విద్యుత్తు పెట్టెనూ, గాజుగొట్టపు మానిటరునూ విద్యార్థులు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఆ గాజులో సీసం ఉన్నది కనుక పగలగొట్టరాదు. రాగి కోసం తీగలను కాల్చితే విషవాయువులు వెలువడతాయి.

దానమా, బరువు దింపుకోవడమా?

ఇప్పుడు రెండవ వాదంలోని లోపం స్పష్టమవుతుంది. మరమ్మతు చేసే మనిషి లేకుండా, తగిన సాఫ్ట్‌వేరు ఎక్కించకుండా, నడుస్తుందో లేదో చూడకుండా పల్లె బడికి పంపిన యంత్రం దానం కాదు. ఇచ్చినవారి గది ఖాళీ అవుతుంది, పుచ్చుకొన్నవారి గది నిండుతుంది. రెండేళ్ల తరువాత ఆ చెత్తను సురక్షితంగా వదిలించుకొనే భారం దానికి ఏ వసతీ లేని ఊరిమీద పడుతుంది. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం ఇటువంటి సామగ్రి నమోదైన సంస్థలకే చేరాలి. నియమం మంచిదే. కాని అటువంటి సంస్థ పాతసామాను కొనేవాడివలె గడపగడపకూ రాదు. ఇచ్చేవారే తిరిగి తీసుకొనే బాధ్యతను కూడా వహించడం న్యాయం.

కేరళ అనుభవం ఇక్కడ గమనింపదగినది. ఆ రాష్ట్రం పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వ్యాప్తిచేయడంతోపాటు ఉపాధ్యాయులకు విస్తృతంగా శిక్షణ ఇచ్చింది. 2018లో లిటిల్ కైట్స్ అనే విద్యార్థి సంఘాలను ఏర్పరచి, యంత్రాల సంరక్షణలో పిల్లలకే ప్రవేశం కల్పించింది. అక్కడ యంత్రంకంటె ముందు మనిషిని సిద్ధం చేశారు.

కనుక పాత కంప్యూటరును అంగీకరించేముందు, లేదా మూలనున్నదానిని తూకానికి వేసేముందు ప్రధానోపాధ్యాయులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనితో చేయదలచిన పని ఏది? అది రోజుకు ఎన్ని గంటల పని? చెడితే చూసేది ఎవరు? మూడింటికీ జవాబు ఉంటే ఎంత పాత యంత్రమైనా బడికి ఆస్తియే. లేకుంటే, అందులోని విద్యార్థుల పేర్లూ మార్కులూ తిరిగి చదవడానికి వీలులేకుండా డిస్కును పూర్తిగా చెరిపించి, నమోదైన సంస్థకు అప్పగించడమే సరైన పని. ఈ నిర్ణయాన్ని వాయిదా వేసి గదికి తాళం వేస్తే యంత్రమూ మిగలదు, గదీ మిగలదు.