పాట తీసుకున్నోడు చోటు కూడా ఇచ్చాడా?

ఒకరి పాట ఇంకొకరు పాడటం తప్పేం కాదు. నోరు మారితేనే పాట బతుకుతుంది. కానీ నోరు మారినప్పుడు పేరు ఎటు పోయింది, డబ్బు ఎటు పోయింది, వేదిక మీద ఎవరు మిగిలారు? ఈ మూడూ అడగని సంగీత విమర్శ రాగం, తాళం దగ్గరే ఆగిపోతుంది. మనకివి కొత్త ప్రశ్నలు కావు. పెళ్ళికీ చావుకీ డప్పు కావాలి, కొట్టే మాదిగోడు మాత్రం గడప ఇవతలే ఉండాలి అన్న ఊళ్ళ నుంచే మనలో చాలామందిమి చదువులకొచ్చాం. ఆ కళ్ళతోనే అమెరికా రాక్ సంగీతంలో ఒక రాత్రిని చూద్దాం.

1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో ఎంటీవీ ‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమంలో నిర్వాణా బృందం పాడింది. చిన్న హాళ్ళలో, చిన్న కంపెనీల రికార్డులతో మొదలై, 1991 తర్వాత ప్రపంచమంతా తెలిసిన బృందం అది. ఆ రాత్రి 14 పాటల్లో 6 ఇతరులవి. అందులో 3 మీట్ పపెట్స్ అనే అరిజోనా బృందానివి, వాళ్ళ 1984 రికార్డులోవి. నిర్వాణా వాళ్ళు వినీ వినీ నేర్చుకున్న సంగీతమది. టీవీ వాళ్ళు పేరున్న తారలొస్తారనుకున్నారు. గాయకుడు కర్ట్ కొబేన్ మాత్రం ఆ బృందంలోని కిర్క్‌వుడ్ అన్నదమ్ముల్నే తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు.

ఇక్కడ గమనించాల్సింది ఆ మూడు పాటలకీ కొబేన్ గిటార్ పట్టుకోలేదు. వాయిద్యం పాట సొంతదారుల చేతిలో పెట్టి తను గొంతు మాత్రమే ఇచ్చాడు. ‘లేక్ ఆఫ్ ఫైర్’ పాటలో ఆ గొంతు పై స్థాయికి అందక చీరుకుపోతుంది. మూలంలో కూడా గొంతు వంకరగానే ఉంటుంది. పెద్ద వేదిక దొరికింది కదా అని కొబేన్ ఆ వంకరని సాపు చెయ్యలేదు. ఎదుటివాడి మొరటుతనాన్ని ‘సంస్కరించకుండా’ పాడటమే ఈ పాడకంలో అసలు విలువ. డబ్బు సంగతీ ఉంది. 1909 నుంచీ అమెరికా చట్టం ప్రకారం ఒకసారి రికార్డయిన పాటని ఎవరైనా మళ్ళీ రికార్డు చెయ్యొచ్చు, రాసినవాడికి సొమ్ము కట్టాలి. ఈ మూడూ రాసింది అన్న కిర్క్‌వుడ్. పేరు, చోటు, సొమ్ము మూడూ దక్కే దారి ఉంది.

బాగానే ఉంది. కానీ అదే రాత్రి చివరి పాట సంగతేంటి? అది లెడ్ బెల్లీ పాడిన పాట. లెడ్ బెల్లీ నల్లజాతి గాయకుడు. 1933లో లూసియానాలోని అంగోలా జైల్లో ఖైదీగా ఉండగా జాన్ లోమాక్స్ అనే తెల్ల సేకర్త ఆయన పాటలు రికార్డు చేశాడు. ‘గుడ్‌నైట్ ఐరీన్’ పాట హక్కులో లోమాక్స్ పేరు కూడా చేరింది. లెడ్ బెల్లీ 1949 డిసెంబర్‌లో చనిపోయాడు. 1950లో అదే పాట వీవర్స్ అనే తెల్ల బృందం పాడితే వారాల తరబడి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. పాట గెలిచేనాటికి మనిషి లేడు.

కొబేన్ లెడ్ బెల్లీ పేరు గౌరవంగానే చెప్పాడు, ప్రాణం పెట్టి పాడాడు. అందులో నాకు అనుమానం లేదు. చచ్చిపోయినోణ్ణి వేదిక మీదికెలా తెస్తాడని అడగొచ్చు. నిజమే. అయితే సాటివాడి బాకీ ఒక రాత్రిలో తీరుతుంది, కుర్చీ వేస్తే చాలు. జాతి గీత దాటి తెచ్చుకున్న బాకీ గాయకుడి మంచితనంతో తీరదు. దాన్ని హక్కుల కాగితాల్లో, చరిత్ర పుస్తకాల్లో తీర్చాలి.

ఈ మాట మనకీ తగులుతుంది. వాడల్లో పాట సేకరించి ‘జానపదం’ అని రాసేస్తాం. ఆ ఒక్క మాటతో పాడిన ఆడమనిషి పేరు గల్లంతవుతుంది, సేకరించినోడి పేరు అట్ట మీదికెక్కుతుంది. విశ్వవిద్యాలయాల్లో మనవాళ్ళు కూడా ఇదే చేస్తే లోమాక్స్‌కీ మనకీ తేడా ఏముంది? టేపు నొక్కేముందు పేరు రాద్దాం. పుస్తకం అచ్చయ్యాక సొమ్ములో వాటా ఇద్దాం. సభ పెడితే ఆమెనే పిలిచి పాడిద్దాం, మనం పక్కన కూర్చుందాం.