మసీదు వద్దనే మాటకు మారుపేర్లు

ద్వేషం తన సొంత పేరుతో బహిరంగ సభకు రావడం అరుదు. ట్రాఫిక్ గురించో, మురుగు కాలవ గురించో, వీధి ప్రశాంతత గురించో మాట్లాడుతూ వస్తుంది. కాగితాలు పట్టుకొని, నిబంధనల సంఖ్యలు కంఠతా పట్టుకొని వస్తుంది. కొత్త మసీదు కట్టబోతున్నారంటే ఇరుగుపొరుగువాళ్ళు చెప్పే అభ్యంతరాలను మనం మునిసిపల్ వ్యవహారంగా వదిలేస్తున్నాం. సాహిత్య విమర్శకులు వాటిని కూడా చదవవలసి వుందని నా అభిప్రాయం. వాచ్యార్థం ఒకటి, వ్యంగ్యార్థం మరొకటి అని ఆనందవర్ధనుడి దగ్గర నేర్చుకున్న పాఠాన్ని కావ్యాలకే పరిమితం చెయ్యాలని ఎవరూ శాసించలేదు.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో సోమర్సెట్ కౌంటీ వుంది. అందులో బెర్నార్డ్స్ టౌన్‌షిప్. అక్కడి బాస్కింగ్ రిడ్జ్ ప్రాంతపు ఇస్లామిక్ సొసైటీ 2012లో, సుమారు నాలుగువేల చదరపు అడుగుల చిన్న మసీదు కట్టుకుంటామని అర్జీ పెట్టింది. ఎంచుకున్న స్థలంలో ప్రార్థనాలయం కట్టుకోవచ్చని అప్పటి నిబంధనలే చెబుతున్నాయి. ఆ సొసైటీ అధ్యక్షుడు మొహమ్మద్ అలీ చౌధరీ కొత్తగా దిగినవాడు కాదు. 2004లో అదే టౌన్‌షిప్‌కు మేయరుగా పనిచేసినవాడు. పన్నుల గురించి, రోడ్ల గురించి ఆయన మాట్లాడినంత కాలం ఆయన వూరివాడు. నమాజుకు ఒక కప్పు అడిగిన రోజున పరాయివాడయ్యాడు.

ఆ అర్జీ మీద 39 సార్లు బహిరంగ విచారణ జరిగింది. చిన్న కట్టడానికి మూడేళ్ళకు పైగా కూర్చున్నారు. 2015 డిసెంబరులో తిరస్కరించారు. అన్ని విచారణల్లోనూ ప్రధాన పాత్ర వహించింది కారు పార్కింగు. అక్కడి నియమం ప్రకారం ప్రార్థనాలయానికి ముగ్గురికి ఒక కారు చొప్పున స్థలం చూపాలి. 150 మందికి 50 కార్లు. సొసైటీ వాళ్ళు ఆ 50 చూపించారు. బోర్డు 107 కావాలంది. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుల నుంచి ఎవరి కారులో వాళ్ళు వస్తారు కనుక చర్చి లెక్క మసీదుకు సరిపోదని వాదించింది. వినడానికి సబబుగానే వుంటుంది. అసలు ప్రమాదం ఆ సబబుతనంలోనే వుంది. తమ ప్లాను చట్టంలో 'చర్చి' అన్న మాటకు మసీదు, యూదుల ప్రార్థనామందిరం అన్నీ వస్తాయని నిర్వచనం రాసుకున్నవాళ్ళు, లెక్క దగ్గరకు వచ్చేసరికి మసీదును మాత్రం విడదీశారు. పార్కింగు పెంచితే తారు నేల పెరుగుతుంది. తారు నేల పెరిగితే వాననీరు ఎటు పోవాలన్న ప్రశ్న లేస్తుంది. ఒక అభ్యంతరానికి జవాబు చెబితే ఆ జవాబే మరో అభ్యంతరాన్ని కంటుంది. ఇది అర్థం కావడానికి ఇంజనీరు అక్కర్లేదు. మన తహసీలు ఆఫీసులో పేదవాడి పట్టా ఫైలు ఎలా నడుస్తుందో చూసినవాడికి చాలు.

2016లో సొసైటీ కోర్టుకు వెళ్ళింది. అమెరికా న్యాయశాఖ కూడా టౌన్‌షిప్ మీద దావా వేసింది. అదే ఏడు చివరి రోజున ఫెడరల్ న్యాయమూర్తి పార్కింగు విషయంలో మసీదుకు వేరు కొలత పెట్టడం చెల్లదన్నాడు. 2017లో టౌన్‌షిప్ 32 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడి మసీదుకు దారి వదిలింది.

దూరదేశపు సంగతి మనకెందుకని అనిపించవచ్చు. కానీ అదే సోమర్సెట్ కౌంటీలో బ్రిడ్జ్‌వాటర్ వుంది. మన తెలుగువాళ్ళు శని ఆదివారాల్లో పిల్లల్ని తీసుకొని వెళ్ళే వేంకటేశ్వరాలయం అక్కడే వుంది. ఆ వూళ్ళోనే అల్ ఫలాహ్ సెంటర్ వాళ్ళు మసీదు కట్టబోతే, 2011లో టౌన్‌షిప్ హఠాత్తుగా నిబంధన మార్చింది. ప్రార్థనాలయాలు పెద్ద రోడ్ల పక్కనే వుండాలంది. ఆ వ్యాజ్యం 2014 చివర 77 లక్షల 50 వేల డాలర్లతో, మరోచోట స్థలంతో ముగిసింది.

పరాయి దేశంలో గుడి కట్టుకోవడమంటే ఏమిటో మనవాళ్ళకు తెలుసు. చందాలు పోగుచెయ్యడం, అద్దె హాళ్ళలో పూజలు, పండగపూట కార్లు ఎక్కువయ్యాయని ఇరుగువాళ్ళ గొణుగుడు, అన్నీ అనుభవించినవాళ్ళే. ఆ అనుభవం మీద తెలుగు ప్రవాస కథ చాలా నడిచింది: నోస్టాల్జియా, ఆవకాయ, పిల్లలకు తెలుగు రాకపోవడం. గుడి మెట్ల మీద నిలబడి, నాలుగు మైళ్ళ అవతల మసీదు మీద జరుగుతున్న విచారణను చూసిన తెలుగు పాత్ర నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆ విచారణలో ఆ పాత్ర ఏ వైపు కూర్చునేది? మాట్లాడేదా, మాట్లాడితే ఏ భాషలో? ఈ ప్రశ్న వేసుకున్న కథకుడికి దొరికే వస్తువు ఆవకాయ జాడీలో దొరకదు.

స్విట్జర్లాండులో జరిగింది ఇంకో రకం. అక్కడ అభ్యంతరం పార్కింగు గురించి కాదు, ఆకారం గురించి. ఓల్టెన్ దగ్గర వాంగెన్ అనే చిన్న వూళ్ళో తుర్కీ సంఘం వాళ్ళు తమ భవనం మీద ఆరు మీటర్ల మినారు పెట్టుకుంటామని 2005లో అడిగారు. స్థానికులు ఎదిరించారు. 2007లో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి సంఘంవాళ్ళు గెలిచారు. కోర్టులో ఓడినవాళ్ళు రాజ్యాంగాన్నే మార్చాలని బయలుదేరారు. 2009 నవంబరు 29న దేశమంతా ఓటు వేసింది. 57.5 శాతం మంది మినారుల్ని నిషేధించమన్నారు. నాటికి ఆ దేశం మొత్తం మీద వున్న మినారులు నాలుగు. నాలుగింటిలో ఒక్కదాని మీద నుంచీ అజా వినపడేది కాదు. ఆ నిషేధం రాజ్యాంగం 72వ అధికరణలో నేటికీ వుంది.

ఆ ప్రచారపు పోస్టరును ప్రతి సాహిత్య విద్యార్థీ చూడాలి. స్విస్ జెండా మీద నల్లగా, క్షిపణుల్లా నిలబడ్డ మినారులు. పక్కన కళ్ళు మాత్రమే కనిపించే నల్ల ముసుగు స్త్రీ. నేను బడిలో పిల్లలచేత ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని వల్లె వేయిస్తుంటాను. ఈ పోస్టరులో సమానధర్మం ఏమిటి? నిటారుగా వుండటం. ఆ మాటకొస్తే చర్చి శిఖరమూ నిటారుగానే వుంటుంది, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టమూ నిటారుగానే వుంటుంది. పోలిక చూసేవాడి భయంలో వుంది, వస్తువులో లేదు. అలంకారం అబద్ధం చెప్పగలదని, చెప్పి ఓట్లు కూడా తేగలదని ఇంతకంటే స్పష్టంగా ఏ లక్షణ గ్రంథమూ చూపించలేదు. ఇంకో విడ్డూరం: మినారును బాయొనెట్టుతో పోల్చిన ఒక పద్యాన్ని తుర్కీ నాయకుడు ఎర్దొగాన్ 1997లో ఒక సభలో చదివి, దానికే జైలు పాలయ్యాడు. స్విస్ ప్రచారకులు ఆ పద్యాన్నే సాక్ష్యంగా చూపించారు. తుర్కీలో నేరమైన ఉపమానం స్విట్జర్లాండులో రుజువైంది! ఎవరో రాసిన, ఇంకెవరో చదివిన పద్యానికి ఒక చిన్నవూరి కార్మికుల ప్రార్థనా గది జవాబుదారీ అయింది.

కార్మికులని కావాలనే అంటున్నాను. అక్కడి ముస్లింలలో ఎక్కువమంది తుర్కీ నుంచి, బాల్కన్ దేశాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. పాత ఫ్యాక్టరీ షెడ్లలో, నేలమాళిగల్లో నమాజు చేసుకున్నంత కాలం ఎవరికీ అడ్డు కాలేదు. వీధి వైపు ముఖం తిప్పినప్పుడే అడ్డయ్యారు. వాళ్ళకంటే ముందు ఆ స్థానంలో ఇటాలియన్లు వున్నారు. విదేశీయుల సంఖ్యను కుదించాలన్న 1970 నాటి ప్రజాభిప్రాయ సేకరణ ప్రధానంగా వాళ్ళ మీదే గురిపెట్టింది. స్వల్ప తేడాతో ఓడింది. మాక్స్ ఫ్రిష్ 1965లోనే, తన దేశం చేతుల్ని కోరుకొని ఆ చేతుల వెనక మనిషి కనబడగానే బెదిరిపోవడాన్ని ఎత్తిపొడిచాడు. అంతకు ముందు 1893లో, ఆ దేశపు మొట్టమొదటి ప్రజాసూచిక ఓటుతో యూదుల పద్ధతిలో పశువధను నిషేధించారు. జంతుకరుణ అన్నారు. నిజంగా కరుణ వున్నవాళ్ళు కొందరు వుండే వుంటారు. మిగతావాళ్ళు ఆ కరుణ చాటున నిలబడ్డారు.

ఒక్క అంకె చెప్పి ముందుకు పోతాను. ముస్లింలు చెప్పుకోదగ్గ సంఖ్యలో వున్న జెనీవాలో దాదాపు 60 శాతం నిషేధాన్ని తిరస్కరించారు. ముస్లిం ముఖం కనిపించడమే అరుదైన అప్పెన్‌జెల్ ఇన్నర్‌హోడెన్‌లో 70 శాతానికి పైగా నిషేధానికి ఓటు వేశారు. పక్కింట్లో వున్నవాడి కంటే పోస్టరులో వున్నవాడే ఎక్కువ భయపెట్టాడన్నమాట.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. గురుగ్రామ్‌లో 2018 నుంచి, ఖాళీ స్థలాల్లో శుక్రవారం నమాజు చెయ్యరాదని గొడవ. ఆరుబయట చెయ్యకండి, మసీదులో చేసుకోండి అన్నారు. అక్కడి కొత్త సెక్టార్లలో మసీదులు లేవు, స్థలమూ దొరకదు. సెక్టార్ 57లో వున్న ఒక్క మసీదు మీద 2023 జూలై 31 రాత్రి దాడిచేసి తగలబెట్టారు. యువకుడైన నాయబ్ ఇమామును చంపారు. అద్దాల మేడలు కట్టిన వలస కూలీకి వారానికి ఒక గంటసేపు మోకాలు వంచడానికి చోటు లేకపోవడమనేది వర్గ ప్రశ్న కాదని ఎవరైనా అంటే, ఆ వర్గ దృక్పథం ఏపాటిదో చూడవలసి వుంటుంది.

మన శిబిరంలో తరచు వినిపించే మాట ఒకటుంది. "మనం గుడినీ సమర్థించం, మసీదునూ సమర్థించం. బళ్ళు లేవు, ఆస్పత్రులు లేవు, ఇంకో మసీదెందుకు?" ఇది అభ్యుదయంలా వినిపిస్తుంది. ఈ వాదం కొత్తది కాదు. యూదులు ముందు తమ మతాన్ని వదులుకుంటే తరవాత పౌరహక్కులు అడగవచ్చని బ్రూనో బౌవర్ అన్నాడు. యువ మార్క్సు 1844లో అచ్చయిన వ్యాసంలో దాన్ని చీల్చి చెండాడాడు: రాజకీయ విముక్తికి ఎవరూ తమ మతాన్ని రుసుముగా చెల్లించనక్కరలేదని ఆయన వాదన సారాంశం. 1874లో బ్లాంకీ అనుచరులు మతాన్ని ఆజ్ఞలతో రద్దు చేస్తామంటే ఏంగెల్సు ఎగతాళి చేశాడు. 'మత్తుమందు' అన్న ఒక్క మాటను పట్టుకొని మిగతా పేరా చదవనివాళ్ళు మన సభల్లో చాలామందే వున్నారు. మతాన్ని విమర్శించే హక్కు మనకుంది. ఒక మతంవాళ్ళకు మాత్రమే ఇటుక పేర్చే హక్కు లేదన్నప్పుడు మౌనంగా వుండే హక్కు మనకు లేదు. రాజ్యాంగం 25, 26 అధికరణలు మన అనుమతి కోసం ఎదురు చూడటం లేదు. పైగా "ఇంకోటి ఎందుకు" అన్న ప్రశ్న వీధి చివర కొత్తగా లేస్తున్న గుడి ముందు మన నోటి నుంచి అంతే చురుగ్గా వస్తున్నదా? రానప్పుడు అది నాస్తికత్వం కాదు. పార్కింగు లెక్కే.

తెలుగు కథ తొలి అడుగుల్లోనే మసీదు వుంది. గురజాడ 'మతము-విమతము' శ్రీకాకుళం పెద్ద మసీదు చుట్టూ నడిచింది. గుడి పోయిందన్న దుఃఖాన్ని ఆయన దాచలేదు. ఆ దుఃఖాన్నే చివరి మాటగానూ మిగల్చలేదు. ఆ తరవాత మన ఇష్టం దర్గా మీదకు పోయింది. దర్గా మనకు సులువు. కసుమూరు వెళతాం, నెల్లూరులో రొట్టెలు మార్చుకుంటాం, గూగూడు కుళ్ళాయిస్వామి ముందు అగ్నిగుండం తొక్కుతాం, పిల్లలకు మస్తానమ్మ, దస్తగిరి అని పేర్లు పెట్టుకుంటాం. అదంతా నిజమైన సంపద, కాదనను. అయితే అక్కడ ముస్లిం మనల్ని కలుపుకుంటున్నాడు, మన మొక్కు తీరుస్తున్నాడు. మసీదులో మనకు మొక్కు లేదు. మనతో నిమిత్తం లేకుండా అతను అతనుగా వుండే చోటు అది. మనకు ఏమీ ఇవ్వని ఆ చోటును కూడా మన వీధిలో వుండనివ్వగలమా అన్నదే అసలు పరీక్ష. సామరస్య కథలు చాలావరకు ఆ పరీక్ష రాయకుండానే పాసైపోయాయి. ప్రాణాలిచ్చి హిందువుల బిడ్డను కాపాడే మంచి సాయిబు పాత్ర ఎన్ని కథల్లో చచ్చిపోయిందో లెక్క తీస్తే ఒక ఎం.ఫిల్. అవుతుంది. బతకడానికి అతను మంచివాడు కావలసిన అవసరమేమిటి? నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' (1981) కథల్లో ఆ బెడద లేదు. ఆ మనుషులు మంచీ చెడ్డా కలిసిన హైదరాబాదీలు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. పుట్టుకతోనే ముస్లింను అనుమానితుల జాబితాలో రాసేసిన చరిత్రను అది నిలదీసింది. తరవాత 'జల్‌జలా' (1998), 'వతన్' (2004) సంకలనాలు, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', షాజహానా 'నఖాబ్'. అప్పుడు మన విమర్శకులు కొందరు, ఇది వర్గ ఐక్యతను చీలుస్తుందని నొసలు చిట్లించారు. ఇల్లు అద్దెకివ్వనివాడు చీల్చిన దాన్ని, ఆ సంగతి రాసిన కవి చీల్చాడనడం ఏమి తర్కం? అదే సాహిత్యం మసీదు లోపలి పెత్తనాన్నీ, స్త్రీల మీది ఆంక్షలనూ కూడా వదిలిపెట్టలేదు. లోపలివాళ్ళు లోపలి సంగతి అడుగుతున్నప్పుడు, బయటివాళ్ళు తలుపు దగ్గర కాపలా కాస్తూ అదే ప్రశ్నను అరువు తెచ్చుకోవడం వేరు. స్విస్ పోస్టరులో ముసుగు స్త్రీ బొమ్మ పెట్టినవాళ్ళు చేసింది ఈ రెండోదే.

రాయబోయేవాళ్ళకు ఒక్క మాట. అభ్యంతరం చెప్పేవాణ్ణి రాక్షసుడిగా రాస్తే కథ అక్కడే చస్తుంది. అతనికి నిజంగానే ఇరుకు సందు వుండొచ్చు, రాత్రి డ్యూటీ చేసి పొద్దున నిద్రపోయే తల్లి వుండొచ్చు. లౌడ్‌స్పీకరు ఎవరిదైనా చెవికి ఒకటే. ప్రతి అభ్యంతరమూ ద్వేషమని నేననడం లేదు. వినాయక చవితి పందిరికి అడగని ప్రశ్న మసీదుకు అడిగిన క్షణంలో అతని ముఖంలో ఏం కదిలిందో, ఆ కదలికను అతను ఏ మాటతో కప్పాడో చూడండి. ఆ ముఖం చాలాసార్లు మన స్టాఫ్ రూములో, మన సంఘ సభ్యత్వ పుస్తకంలో, మన ఇంటి భోజనాల బల్ల దగ్గర వుంటుంది. అర్జీ మీద నాలుగో సంతకమో అయిదో సంతకమో అతనిది. మొదటి సంతకం చేసినవాడి మీద మనకు కథలున్నాయి. ఆ నాలుగోవాడి మీద ఇంకా రావలసి వుంది.