పాఠం అమరికలో చట్టం పనితనం

మల్లాపూర్ మండలంలోని సర్కారు బడిలో ఎనిమిదో తరగతి తెలుగు వాచకం తెరిస్తే మొదటి పాఠం ‘త్యాగనిరతి’. శరణు కోరిన పావురం కోసం తన మాంసాన్నే కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ, నన్నయ పద్యాల్లో. కథ అందరికీ తెలిసిందే. దాని చుట్టూ ఉన్న అమరికను గమనించేవాళ్లు తక్కువ.

ఆ అమరికకు మూలం 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్. పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలనీ, భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలనీ, మూల్యాంకనం నిరంతరం సాగాలనీ అది కోరుతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని అదే చట్టపు షెడ్యూలు చెబుతుంది. ఈ మాటలను పాఠంగా మలచడం రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్సీఈఆర్టీ) పని.

ఎలా మలిచారో చూడండి. పాఠానికి ముందు ఉద్దేశం, ప్రవేశిక ఉంటాయి. పద్యాల మధ్యలో ‘ఆలోచించండి–చెప్పండి’ అనే పెట్టె వస్తుంది. అక్కడ చదవడం ఆగుతుంది, మాట మొదలవుతుంది. భయం లేకుండా చెప్పగలగాలన్న చట్టం మాటకు పుస్తకంలో దొరికిన చోటు అదే. పాఠం చివర అభ్యాసాలు మూడు మెట్లు: అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు. ముందు అర్థం చేసుకోవాలి, తర్వాత సొంతంగా రాయాలి, ఆపైనే వ్యాకరణం. ఈ వరుసలోనే ఉంది నేర్పు.

మూల్యాంకనంలోనూ అంతే శ్రద్ధ కనిపిస్తుంది. నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష. వీటికి 20 మార్కులు, సంగ్రహణాత్మక పరీక్షకు 80. మొదటిది పిల్లల్ని రోజూ చూసే సారు చేతిలో ఉంటుంది. రెండోదానికి ప్రశ్నపత్రం జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు నుంచి వస్తుంది. దగ్గరి చూపు, దూరపు చూపు రెండూ కలిస్తేనే ఒక్క పిల్ల లెక్క తేలుతుంది.

తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి వార్షిక ప్రణాళిక, పాఠ్యప్రణాళిక, పిల్లల నోటుబుక్కులు చూస్తారు. పాఠ్యప్రణాళిక చివర టీచరు తన స్పందన రాసుకునే గడి ఉంటుంది. ఏది పిల్లలకు అందింది, ఏది అందలేదు అన్నది తనే రాయాలి. పర్యవేక్షణ మొత్తంలో ఎక్కువ ఆలోచనతో పెట్టిన భాగం ఈ చిన్న గడే. పాఠం చెప్పిన మనిషినే తన పనికి మొదటి పరీక్షకుడిని చేస్తుందది.

పై నుంచి వచ్చే నియమం టీచరు ఆలోచనకు చోటు మిగిల్చినప్పుడే మంచి నియమం. ఈ అమరికలో ఆ చోటు ఉంది. తనిఖీకి వెళ్లే అధికారులు రిజిస్టరు కన్నా ముందు ఆ గడి చదవాలి. తల్లిదండ్రులు కూడా మార్కులు అడిగే ముందు పిల్లల నోటుబుక్కు తెరిచి, సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు చదవాలి.