ఎర్ర డబ్బా తెరిచే చేయి

గ్రామీణ డాక్ సేవకుడు డబ్బా తాళం తీసి, ఉత్తరాలు సంచిలో వేసుకుని, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పే రేకు మారుస్తాడు. ఆపైన తేదీ ముద్ర కొట్టి పై ఆఫీసుకు పంపుతాడు. డబ్బా ఖాళీగా ఉన్నా తెరవాల్సిందే; జనం నమ్మకమంతా ఆ క్రమం మీదే నిలిచింది. ఉత్తరాలు పడని డబ్బాలను తపాలా శాఖ తీసేస్తోంది. రాయలసీమలోని నల్లమాడ లాంటి కరువు ప్రాంతంలో అది చిన్న లోటు కాదు. వేరుశనగ ఎండిన ఏడు బెంగళూరుకు వలసపోయినవాళ్ల క్షేమం, మనియార్డరు ఈ డాక్ సేవకుడి చేతిమీదుగానే ఇంటికి చేరేవి. చదువురాని తల్లులకు ఉత్తరం చదివి వినిపించడం అన్నిటికన్నా గొప్ప పని. ఉత్తరాలే కాదు, కూలి డబ్బులూ ఈ దారినే వచ్చాయి. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది; నల్లమాడ అప్పటికి ఆ జిల్లాలోదే. ఆ కూలి డబ్బులు చాలా ఊళ్లలో అందించింది తపాలా ఆఫీసే. 2018లో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వచ్చాక సంచిలోకి వేలిముద్ర యంత్రం చేరింది. డబ్బు గడప దగ్గరే చేతికందుతోంది.