పచ్చికుండపై పలుకు

మేళ్లచెరువు శంభులింగేశ్వరుడు మాటాడని దేవుడు. లింగము శిరస్సునందలి చిన్న గుంటలో నీరు ఎల్లప్పుడు నిలిచియుండుననుట అచటి ప్రసిద్ధి. శివరాత్రి జాతరకు వచ్చిన రైతు ఆ నీటిని తలచి, చేతులు జోడించి మరలును గాని, స్వామి పలుకునని ఎదురుచూడడు. రాబోవు వానను గూర్చి వినవలెనను కోరిక అతనికి లేక కాదు. ఆ మాట చెప్పు బరువును తెలంగాణము శిలపై గాక మానవకంఠముపై, అందును తరచుగా స్త్రీకంఠముపై మోపినది. పూనకము వచ్చు స్త్రీలైన శివసత్తులు శిగమూగు జాతరలు మనకు కొదువ కావు. ఆ ఆచారమునకు పరాకాష్ఠ సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడిలోని రంగము.

1813లో హైదరాబాదున కలరా ప్రబలినప్పుడు, సైన్యముతో ఉజ్జయినికి పోయియున్న సురిటి అప్పయ్య, వ్యాధి శమించినచో స్వస్థలమున అమ్మకు గుడి కట్టింతునని మ్రొక్కుకొని, 1815లో ఈ దేవిని ప్రతిష్ఠించెనని చెప్పుదురు. ఆషాఢమున లష్కరు, అనగా సికిందరాబాదు, బోనములు జరిగిన ఆదివారమునకు మరునాడు, పసుపు పూసికొన్న స్త్రీ అమ్మవారి కెదురుగా, కుమ్మరి ఆవమునకెక్కని పచ్చికుండపై నిలుచును. వానలు కురియునా, పంటలు పండునా, రోగములు వచ్చునా యని అర్చకుడు అడుగును. ఆమె పలుకును. అదే రంగము.

ఈ విద్యలోని నేర్పంతయు ఆ కుండలో ఉన్నది. జాతరలో శివసత్తు డప్పు దరువునకు ఊగుచు గిరగిర తిరుగవచ్చును. కాలు తొట్రుపడినను ఎవరును తప్పుపట్టరు. కుండనెక్కినామెకు ఆ స్వేచ్ఛ లేదు. ఆవేశమెంత ఉధృతమైనను పాదములు నిశ్చలముగా ఉండవలెను, మాట స్పష్టముగా వెలువడవలెను, అడిగినదానికి సమాధానము రావలెను. పూనకమును రప్పించుకొనుటయు, దానిని అదుపున నుంచుటయు ఒకే దేహము ఏకకాలమున చేయవలసిన ఈ సాధనను ఉత్త మూఢవిశ్వాసమని త్రోసివేయువారు ఒకసారి పచ్చిమట్టిపై నిలిచి చూతురుగాక.

వానలు కురియునని అభయమిచ్చుచునే, నా పూజలు సరిగా జరుగుట లేదని అమ్మ కోపించుట పరిపాటి. మంత్రులు, అధికారులు సైతము ఆ నింద వినవలసినదే. నా దృష్టిలో రంగమునకు గల విలువ ఈ నిందయందే. జోస్యమందురా, కార్తికము నాటికి చెరువులే దానిని తేల్చివేయును. వీరబ్రహ్మేంద్రుని కాలజ్ఞానమునకు ఈ చిక్కు లేదు. సంగతి జరిగిన పిమ్మట వచనమును అన్వయించుకొనవచ్చును.

పాలకులకు చేదైన మాట చెప్పినందుకు యూదా దేశపు యిర్మీయా ప్రవక్తను బురద గోతిలోనికి దించిరి. ఈ పని తనకేల యని ఆయన దేవునితోనే వాదులాడెను. రంగమెక్కిన స్త్రీని ఎవరును గోతిలోనికి దింపరు, ఏలయన పలుకు ఆమెది కాదు, అమ్మది. ఆ కవచము పలుకు ముగియుదాక మాత్రమే.

తరువాతి బ్రతుకు ఆమెది. ఒకే కుటుంబపు స్త్రీలకు సంక్రమించుచున్న ఈ పదవికి వచ్చునామె ఖడ్గముతో వివాహమాడి దాంపత్యమునకు దూరమగును. పాలమూరు పల్లెలలో దేవతకు అర్పింపబడిన దళిత బాలికలు జోగినులై పడిన దురవస్థ ఎరిగినవారు ఈ వాక్యమును తేలికగా చదువజాలరు. అట్టి సమర్పణమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చట్టముచే నిషేధించినది. రంగమును కాపాడవలెననువారు కుండను గూర్చి, ప్రశ్నల క్రమమును గూర్చి ఎంతయో చెప్పుదురు. ఆమె భుక్తిని గూర్చి, ముసలితనమును గూర్చి, ఇష్టపడినచో పెండ్లియాడి కూడ ఆ కుండనెక్కు హక్కును గూర్చి అడుగువారు అరుదు.