సూసాఫోన్ మోసే నడుం

ట్యూబా వాయించేవారికి నడుం నొప్పి వస్తే నింద ముందు బరువు మీద పడుతుంది. 1835లో బెర్లిన్‌లో వీప్రెక్ట్, మోరిట్జ్‌లు దీనికి పేటెంటు పొందిన నాటి నుంచి ఇది తేలికైన వాద్యంగా ఎన్నడూ లేదు. ఇప్పటి ట్యూబా సుమారు 9 నుంచి 13 కిలోలు తూగుతుంది. పెద్ద బీ-ఫ్లాట్ రకంలో చుట్టలు చుట్టిన గొట్టాన్ని సాపు చేస్తే దాదాపు 18 అడుగులు వస్తుంది. అయినా కూర్చుని వాయించేటప్పుడు ఆ బరువులో ఎక్కువ భాగాన్ని కుర్చీ, తొడలు మోస్తాయి. నొప్పి చాలాసార్లు మొదలయ్యేది మౌత్‌పీస్ దగ్గర.

వాయిస్తున్నంతసేపు పెదవి మౌత్‌పీస్‌ను విడవదు. అది ఎక్కడుంటే తల అక్కడికి పోతుంది, తలతో మెడ, మెడతో వీపు. పొట్టివారు గడ్డం ఎత్తి మెడ సాచుతారు. పొడుగువారు వీపు గూనిచేసి కిందికి దిగుతారు. పైగా వాద్యం ఒళ్లో తిన్నగా నిలవదు, ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి నడుం కాస్త మెలితిరుగుతుంది. ఈ వంకర చూసేవారి కంటికి ఆనదు. కానీ సాధన పొడుగునా వీపు అదే వంకరలో బిగుసుకుని ఉంటుంది.

కాబట్టి ముందు మనిషి కుదురుగా కూర్చోవాలి, ఆ తర్వాతే వాద్యం అతని దగ్గరికి రావాలి. పాదాలు రెండూ నేల మీద ఆనాలి, తుంటి మోకాళ్ల కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. వాద్యం లేకుండా ఒకసారి నిండుగా ఊపిరి తీసి వదిలి, తల ఎక్కడ ఆగిందో గమనించి, మౌత్‌పీస్‌ను అక్కడికే తేవాలి. ఎత్తు చాలకపోతే తొడల మీద మడతపెట్టిన తువ్వాలు సరిపోతుంది. ఎత్తు ఎక్కువైతే నేల మీద కాళ్ల మధ్య నిలిచే ట్యూబా స్టాండు వాడి, దాన్ని తగ్గించుకోవాలి. స్టాండు వాడటం చేతకానితనమని కొందరు గురువులు ఇప్పటికీ అనుకుంటారు. వారి మాట వినక్కర్లేదు.

ప్లాస్టిక్ కుర్చీ మీద ఈ శీర్షిక ఎన్నాళ్లుగానో కత్తిగట్టిందని పాఠకులకు తెలుసు. ఫంక్షన్ హాళ్లలో, బడి వేదికల మీద కనిపించే ఆ కుర్చీ అడుగు మధ్యలో గుంటపడి వెనక్కి వాలి ఉంటుంది. అందులో కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి, తుంటి వెనక్కి దొర్లుతుంది, నడుంలో సహజంగా ఉండే వంపు పోతుంది. పక్కటెముకలు పొట్ట మీదికి కుంగడంతో ఊపిరి కూడా తగ్గుతుంది. దుప్పటి మడిచి కుర్చీ వెనక భాగంలో వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. చదునైన చెక్క కుర్చీ దొరికితే అదే మేలు.

ఊపిరికి, నడుముకి ఉన్న చుట్టరికం నిజమైనది. ఊపిరి తీసే ప్రధాన కండరమైన డయాఫ్రం వెనక వైపు నడుం పూసలకే అతుక్కుని ఉంటుంది. నిండుగా ఊపిరి తీసినప్పుడు పొట్టలో పెరిగే ఒత్తిడి వెన్నుకు లోపలి నుంచి ఆసరా ఇస్తుంది. 1944 నుంచి 1988 వరకు చికాగో సింఫనీలో ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్, ఊపిరిని కొలిచే వైద్య పరికరాలను సంగీత పాఠంలోకి తెచ్చారు. ఆయన పాటుపడింది నాదం కోసం. కానీ ఆయన పట్టుబట్టిన సాఫీ ఊపిరి నడుముకూ మేలు చేసేదే.

అలాగని కర్రలా నిటారుగా బిగుసుకుని కూర్చున్నా ఫలితం లేదు. కండరానికి ఏ భంగిమైనా కదలిక లేకుండా ఎక్కువసేపు పడదు. ట్యూబా స్వరాల్లో విరామాలు బోలెడు ఉంటాయి. వాటిలో వాద్యాన్ని పక్కకు దించి భుజాలు తిప్పాలి, అవకాశముంటే లేచి నిలబడాలి. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 579 మందిపై బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలన 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. శరీరాన్ని అనవసరంగా బిగించకుండా వాడుకోవడం నేర్పే అలెగ్జాండర్ పద్ధతిలో 24 పాఠాలు తీసుకున్నవారికి, ఏడాది తర్వాత నొప్పి ఉండే రోజులు బాగా తగ్గాయని తేలింది. నొప్పి కాలిలోకి పాకి తిమ్మిరి, బలహీనత వచ్చినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా భంగిమలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ వాద్యకారుడు తన చేతిలో పెట్టుకోగలిగినవే. ట్యూబా జాతిదే అయిన సూసాఫోన్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. కవాతు కోసమే పుట్టినట్టు కనిపించే ఈ వాద్యం నిజానికి కచేరీ కోసం తయారైంది. గుర్రం మీద, నడకలో వాయించడానికి అంతకుముందే ఒంటికి చుట్టుకునే హెలికాన్ ఉండేది. దాని శబ్దం ఒక వైపుకే దూసుకుపోతోందని బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా బాకా నోరు పైకి తిప్పి చేయమన్నారు. 1890లలో అమెరికాలో అలా తయారైన వాద్యానికి ఆయన పేరే స్థిరపడింది. ఆయన సొంత బృందం కవాతు చేసింది చాలా అరుదు, కూర్చుని వాయించడమే దాని పని. నోరు ముందుకు తిరిగాక వీధులు సూసాఫోన్‌ను లాక్కున్నాయి. తర్వాతి కాలంలో ఫైబర్‌గ్లాసువి వచ్చి బరువు కొంత తగ్గింది.

ఇత్తడి సూసాఫోన్ బరువంతా ఎడమ భుజం మీదే ఉంటుంది. కావడి అయితే రెండు వైపులా తూకం చూసుకుంటుంది, ఇక్కడ ఆ వీలు లేదు. మనిషి ఎడమకు ఒరిగిపోకుండా కుడి నడుం కండరాలు లాగి పట్టుకుంటూనే ఉండాలి. భుజం మార్చుకుందామన్నా వాద్యం ఆకారం ఒప్పుకోదు. మందపాటి భుజం దిండు కావాలి. మౌత్‌పీస్ కోణం మార్చే చిన్న గొట్టపు ముక్కలను సరిచూసుకోవాలి. తొడుక్కునేటప్పుడు, దించేటప్పుడు నడుం మెలితిప్పకుండా మోకాళ్లు వంచాలి.

ముహూర్తాలు మళ్లీ మొదలయ్యాయి. ఈ వారం రాత్రుళ్లు ఊరేగింపులు చూసినవారికి ఒక సంగతి కంటపడే ఉంటుంది. బారాత్ నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. నాట్యాలు, టపాసులు, ఫొటోలు అయ్యేదాకా బండి కదలదు. డోలు వాయించేవాడు డోలును నేల మీద దించుతాడు, క్లారినెట్ వాయించేవాడు చంక కింద పెట్టుకుంటాడు. పెద్ద వాద్యం మోసేవాడు మాత్రం చుట్టలోనే నిలబడి ఉంటాడు, ఎందుకంటే పాట ఏ క్షణాన అడుగుతారో తెలియదు. కాలర్ దగ్గర, ఇత్తడి చుట్టకూ చొక్కాకూ మధ్య, తడిసి ముద్దయిన తువ్వాలు మడత కనిపిస్తుంది. ఆ మనిషికి కుర్చీ పాఠం, ఊపిరి పాఠం ఎంత చెప్పినా సగమే పనిచేస్తాయి. అతని నడుం ఉన్నది ఊరేగింపు నడిపేవారి చేతుల్లో.

చేయదగినవి ఖరీదైనవీ కావు. లైట్ల బండి వెనక వాద్యం దించుకోవడానికి ఒక స్టూలు చాలు. ప్రతి ఆగింపులోనూ పెద్ద వాద్యం దింపమని బ్యాండు మాస్టారు ముందే చెప్పి ఉంచవచ్చు. దూరపు ఊరేగింపుకి ఆ వాద్యానికి ఇద్దరిని పెట్టి, పాటల మధ్య మార్చవచ్చు. పెళ్లివారు అడ్వాన్సు ఇచ్చే రోజే రెండో మనిషి కూలి కూడా మాట్లాడుకోవాలి, ఊరేగింపు ఎక్కడెక్కడ ఆగుతుందో అప్పుడే చెప్పాలి.